పిలకాయల పొట్ట: టానిక్కు ముందు నాలుక చూడండి

బిడ్డ అన్నం ముట్టడం లేదంటే నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ముందు దిష్టి తీస్తారు, ఆ తర్వాత టానిక్ సీసా తెస్తారు. ఈ రెండో పని దగ్గరే చైనా సంప్రదాయ వైద్యం చెయ్యి పట్టి ఆపుతుంది. తిన్నది పొట్టలో పేరుకుపోయి ఉండగా బలానికి పెట్టడం, బూడిద తియ్యని పొయ్యిలో ఇంకో కట్టె దూర్చినట్టేనంటుంది.

వాళ్ల లెక్కలో అరుగుదలకు పెద్దదిక్కు ప్లీహం (స్ప్లీన్). స్కానింగులో కనిపించే ప్లీహం అనుకోకండి, ఇది ఒక పనికి పెట్టిన పేరు. కడుపు తిండిని కిందికి దించుతుంది, ప్లీహం దాని సారాన్ని పైకెత్తి ఒంటికి పంచుతుంది. కండ, కాళ్లు, చేతులు దాని పోషణలోవే. అందుకే నాలుగడుగులకే ఎత్తుకోమనే బిడ్డ విషయంలో కూడా వాళ్లు ముందు పొట్ట సంగతే అడుగుతారు.

పొద్దున్నే పళ్లు తోమకముందు, కిటికీ వెలుతురులో నాలుక చూడండి. మందంగా తెల్లటి పూతో పచ్చటి పూతో ఉండి, నోరు పులిసిన వాసన కొడుతూ, పొట్ట ఉబ్బి, రాత్రంతా పొర్లుతుంటే పేరుకున్నట్టు. నాలుక పాలిపోయి అంచుల్లో పళ్ల గుర్తులు పడి, విరేచనం పలచగా, కండ మెత్తగా ఉంటే నీరసం. రెండూ కనిపిస్తే ముందు పేరుకున్నదాని సంగతే చూడాలి.

బరువు తగ్గుతున్నా, జ్వరమున్నా, విరేచనంలో రక్తం పడినా, ఆకుపచ్చ వాంతులైనా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా ఇవేమీ చెయ్యొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. ఏడాది లోపు బిడ్డకు, అంగన్‌వాడీ తూకంలో బరువు తక్కువున్న బిడ్డకు తిండి తగ్గించకూడదు.

పేరుకున్నదైతే రెండు రోజులు గంజి. ఒక వంతు పాత బియ్యానికి పది వంతుల నీళ్లు, సన్నసెగ మీద గంటసేపు. పాలు, బజ్జీలు, చేపల పులుసు ఆపాలి. మలైకాజా సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలకు పదింట మూడొంతులు ఆకలి, మూడొంతులు చలి ఉంచమని చైనాలో సామెత. రోహిణి కార్తెలో మనకు చలెక్కడిది, ఆకలి మాట వరకు వింటే చాలు.

తిన్న గంట తర్వాత అరచేతితో బొడ్డు చుట్టూ పొట్ట నిమరండి, మూడు నాలుగు నిమిషాలు. బిడ్డ కుడి పక్క కింద నుంచి పైకి, అడ్డంగా ఎడమకు, అక్కడినుంచి కిందికి. పెద్దపేగు పోయే దారి అదే. విరేచనాలవుతుంటే ఈ దిశ పనికిరాదు, వాళ్లు తిరగేసి నిమురుతారు.

ఇంకొకటి వెన్ను పట్టడం, ఇది పొద్దున పరగడుపున. బోర్లా పడుకోబెట్టి, ముడ్డిపూస నుంచి మెడ కింద ఉబ్బెత్తుగా తగిలే ఎముక దాకా, వెన్నుకు రెండు పక్కలా చర్మాన్ని బొటనవేలు, రెండు వేళ్ల మధ్య మడతపెట్టి పైకి దొర్లించాలి. మూడు నుంచి ఐదు సార్లు. చివరి రెండు సార్లు, మూడు మడతలకోసారి చర్మాన్ని కాస్త పైకెత్తుతారు. మొదటి రోజు ఒక్కసారి చాలు. నూనె రాస్తే మడత జారిపోతుంది, పొడి చేతులే మేలు. బిడ్డ ఏడిస్తే చర్మం బదులు కండ పట్టినట్టు, ఆపేయండి. పుండ్లు, చెమటకాయలు ఉంటే అసలు వద్దు.

నాలుక మీద పూత పలచబడ్డాకే బలం సంగతి. బిడ్డ చేతి బొటనవేలి బయటి అంచును కొస నుంచి మొదలు వైపు వందసార్లకు తక్కువ కాకుండా రుద్దండి, ఒకే దిక్కుకు. తర్వాత మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, ముంగాలి ఎముకకు బయటివైపు ఒక వేలు పక్కన, రెండు కాళ్లకూ నిమిషం చొప్పున నొక్కండి. కొలత బిడ్డ వేళ్లతోనే. మీ వేళ్లతో కొలిస్తే చోటు బాగా కిందికి జారుతుంది.

అక్కడ ఈ దశలో బియ్యపు జావలో ఒక రకం దుంప వేస్తారు. మన పెండలం (కర్రపెండలం కాదు) దాని చుట్టమే. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించండి. అరకొరగా ఉడికితే గొంతు దురద పెడుతుంది, ఆ పిలకాయ మళ్లీ జావ ముట్టడు.