ఉపవాసం మొదలుపెట్టే ముందు మాత్రల డబ్బా తెరవండి

కార్తీక సోమవారం సాయంత్రం ఐదు దాటిందంటే మా మెడికల్ షాపులో తలనొప్పి మాత్రలకు గిరాకీ పెరుగుతుంది. పోయినేడాది అలాగే మా వీధిలో ఉండే పిన్నిగారు ఒకావిడ వచ్చారు.

"బాబూ, తల పగిలిపోతోంది. గట్టిది ఒకటివ్వు."

"పొద్దుట్నుంచి ఏమైనా తీసుకున్నారా పిన్నిగారూ?"

"చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను కదయ్యా."

"మరి బీపీ మాత్ర?"

"అది తెల్లారగట్లే వేసేసుకున్నా. మానొద్దన్నారుగా డాక్టరుగారు."

ఆవిడ వాడే మాత్ర పేరు చివర హెచ్ అని ఉంటుంది. చాలా కంపెనీల బీపీ మాత్రల్లో ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, మనవాళ్ల భాషలో నీరు పోయే మందు. పొద్దున్నే ఆ మందు వేసుకున్నారు, ఆపైన పగలంతా గొంతు తడుపుకోలేదు, ఇప్పుడు దానిమీద డైక్లోఫెనాక్ అనే గట్టి నొప్పి మాత్ర వేసుకోబోతున్నారు. నేను ఇవ్వలేదు. ఆవిడకి కోపం కూడా వచ్చింది.

ఎందుకివ్వలేదో చెప్తాను. కిడ్నీలో వడపోత జరిగే చోటుకి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. పంటకాలువకు ఎగువ తూము, దిగువ తూము ఉన్నట్టే అనుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎగువ తూమును బిగిస్తాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు దిగువ తూమును వదులు చేస్తాయి. మామూలు రోజుల్లో అది మంచిదే, కిడ్నీని కాపాడేదే. కానీ కాలువలోనే నీళ్లు లేని రోజున ఎగువన బిగించి దిగువన వదిలేస్తే మధ్యలో మట్టం ఏం నిలుస్తుంది? వడపోత మందగించి క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది.

అందుకే నా మట్టుకు నేను అనేది, ఉపవాసంలో కిడ్నీకి ఆకలితో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా దాహంతోనూ, ఆ దాహం మీద పడే మాత్రలతోనూ.

ఇప్పుడు కుర్రాళ్లు చేస్తున్న పదహారు గంటల ఉపవాసం, అదే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్, ఈ లెక్కన కార్తీక సోమవారం కంటే తేలికే. అందులో నీళ్లు తాగొచ్చు. కిడ్నీలు బాగుండి, రోజూ వేసుకునే మందులేవీ లేనివాళ్లకు ఇబ్బంది అరుదు. అయినా ఒక మెలిక ఉంది. మనకు నీళ్లు గ్లాసుతోనే కాదు, చారుతో, మజ్జిగతో, పప్పుపులుసుతో కూడా వస్తాయి. ఒక పూట భోజనం మానితే ఆ నీళ్లూ మానినట్టే. పొద్దున టిఫిన్ మానేసిన రోజు ఆ వాటా కూడా విడిగా తాగాలి. ఏప్రిల్, మే నెలల్లో బైక్ మీద తిరిగే ఉద్యోగమైతే ఇంకా ఎక్కువ.

కిడ్నీలో రాళ్లు ఒకసారి వచ్చిపోయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎక్కువ గంటలు తినకపోతే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు, పెరుగుతాయి. యూరిక్ యాసిడ్ మూత్రంలో పోకుండా అవి అడ్డుపడతాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగితే గౌట్ ఉన్నవాళ్లకు బొటనవేలు వాచి రాత్రికి రాత్రే మంట పెడుతుంది. మరోపక్క మూత్రం తగ్గి, చిక్కబడి, పులుపెక్కితే రాయి కట్టడానికి అనువుగా ఉంటుంది. రాళ్ల మనిషికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటారు. వచ్చే మూత్రం లెక్క అది. తాగాల్సింది అంతకంటే ఎక్కువే.

"ఉపవాసానికి నోబెల్ వచ్చింది కదండీ" అని షాపులో నాకు పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వచ్చిన మాట నిజం. ఆయన చూపించింది కణాలు తమలోని చెత్తను తామే ఎలా నమిలేసుకుంటాయో. చూసింది ఈస్టు కణాల్లో. బీపీ మాత్ర వేసుకుని టిఫిన్ మానేసిన మన బాబాయిగారి కిడ్నీ గురించి ఆ బహుమతి ఏమీ చెప్పలేదు.

షుగరున్నవాళ్లు ఇంకా నెమ్మదించాలి. కిడ్నీ మందగించినప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కొన్ని షుగర్ మాత్రలూ అంతే. గ్లిమెపిరైడ్ లాంటిది వేసుకుని భోజనం వాయిదా వేస్తే షుగర్ ఢమాల్న పడిపోతుంది. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని వచ్చే మాత్రలతో ఇబ్బంది వేరు. కిడ్నీని కాపాడటానికి కూడా ఇస్తున్న మంచి మందులే అవి. కానీ అవి వేసుకుంటూ దీర్ఘంగా పస్తులుంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది, అదీ మీటర్లో షుగర్ పెద్దగా పెరగకుండానే. వికారం, వాంతులు, ఆయాసం వస్తే "పైత్యంలే" అని నిమ్మరసం తాగి పడుకోకండి, ఆసుపత్రికి వెళ్లండి. వీటిలో ఏ మాత్ర ఆపాలి, దేని వేళ మార్చాలి అన్నది మీకు మీరు తేల్చుకునేది కాదు, నన్నడిగినా నేను చెప్పను. ఉపవాసాలు మొదలయ్యే రెండు వారాల ముందే డబ్బా మొత్తం సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ వెళ్లేటప్పుడే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించుకుంటే మంచిది. రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ గీతలోపల ఉందని సంబరపడి ఆగిపోవద్దు, పక్కన ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వేగంగా వడకడుతోందో చెప్పే అంకె, చూడండి. క్రియాటినిన్ 1.1 ఉన్న ముప్పై ఏళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 90 పైన వస్తుంది. అదే 1.1 ఉన్న అరవై ఐదేళ్ల ఆవిడకి 55 దగ్గర వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి ఉంటే అది కిడ్నీ జబ్బే. అలాంటివాళ్లు డాక్టరు ఒప్పుకుంటేనే ఉపవాసం అనుకోవాలి. 30 కంటే తక్కువైతే, డయాలసిస్ మీద ఉంటే, కిడ్నీ మార్పిడి జరిగి పన్నెండు గంటలకోసారి మాత్ర వేసుకునేవాళ్లయితే ఆ ఆలోచనే వద్దు. రంజాన్ రోజాకైనా, ఏకాదశికైనా జబ్బుపడ్డవాళ్లకు మన పెద్దలు ఎప్పుడో మినహాయింపు ఇచ్చారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు వాళ్లు, ఒంట్లో ఏమీ లేదనిపించినా పరీక్ష చేయించుకోకుండా నిర్జల ఉపవాసం ఉండొద్దు. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ, అదీ చాన్నాళ్లు చప్పుడు లేకుండా ఉంటుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

ఉపవాసం విడిచే వేళ కూడా జాగ్రత్త కావాలి. కొబ్బరినీళ్లు, అరటిపండు, ఖర్జూరం, ఉడికించిన చిలగడదుంప ఆరోగ్యవంతుడికి అమృతం. పొటాషియం పెరిగే కిడ్నీ రోగికి ఒకే పూట అన్నీ తింటే గుండె లయ తప్పే ప్రమాదం. 'లో సోడియం' ఉప్పు అని అమ్మేదాంట్లో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు, కిడ్నీ రోగులకు అది పనికిరాదు. సైంధవ లవణమూ ఉప్పే, బీపీకి దాంతో మినహాయింపేం రాదు. ఇఫ్తార్‌లో హలీం తినండి, గిన్నె మాత్రం చిన్నది పట్టుకోండి. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు ఎనిమిది గంటల్లోనే రోజంతటి ప్రొటీన్ పౌడర్ మింగేసే ముందు కనీసం ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఎప్పుడు విడిచేయాలి? ఆరేడు గంటలుగా ఒకటికి వెళ్లకపోయినా, వెళ్తే టీ డికాషన్ రంగులో వచ్చినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా, వాంతులో విరేచనాలో మొదలైనా, షుగర్ 70 కంటే దిగినా 300 దాటినా, ఆ క్షణమే. అరగంటలో దీపం పెడతాం కదా, ఆగుదాం అనుకోవద్దు. తలనొప్పి అయితే ముందు నీళ్లు తాగి, ఏదైనా తిని, అరగంట చూడండి. అప్పటికీ తగ్గకపోతే పారాసిటమాల్. పిన్నిగారికి నేనిచ్చిందీ అదే, తినకుండా వేసుకోనని మాట తీసుకుని.

ఉపవాసాలు సాగుతుంటే రెండు వారాలకోసారి క్రియాటినిన్ మళ్లీ చూపించుకోండి. ముందురోజు రాత్రి మటన్ దట్టించి వెళ్తే అంకె కాస్త పెరిగి కనిపిస్తుంది, ఆ రాత్రి తేలిగ్గా తినండి. ఇంకో మాట, ల్యాబు వాళ్లు పరగడుపున రమ్మంటే నీళ్లు కూడా మానేసి వచ్చేవాళ్లు చాలామంది. నీళ్లు తాగే వెళ్లండి.