సిస్టమ్ రీస్టోర్ ఫెయిల్ అవుతుంటే ముందు పాత యాంటీవైరస్ సంగతి చూడండి

గడువు అయిపోయిన యాంటీవైరస్ ఇక పనిచేయట్లేదులే అని చాలామంది అలాగే వదిలేస్తారు. నేనూ అంతే. కొత్త వైరస్‌ల అప్‌డేట్లు ఆగిపోతాయి గానీ, దాని ఫైళ్లని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసే భాగం మాత్రం చాలాసార్లు వెనకాల నడుస్తూనే ఉంటుంది, విండోస్‌ని వెనకటి స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ సరిగ్గా ఆ ఫైళ్లనే మార్చబోయేసరికి అడ్డుపడుతుంది. అరగంట తిరిగి, చివర్లో "రీస్టోర్ పూర్తి కాలేదు" అని వస్తుంది. నేను మూడు రీస్టోర్ పాయింట్లు (విండోస్ దాచిపెట్టుకున్న వెనకటి స్థితులు) మార్చి చూశాక గానీ ఇది తట్టలేదు.

ముందు యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో సెల్ఫ్ ప్రొటెక్షన్ (ఆ కాపలా భాగం) ఆఫ్ చేసి రీస్టోర్ చేయండి. కొన్నింటిలో గడువు దాటాక ఆ సెట్టింగ్స్ తెరుచుకోవు. అప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అక్కడి నుంచి సిస్టమ్ రీస్టోర్ నడపండి, అక్కడ విండోసే లోడ్ కాదు కాబట్టి యాంటీవైరస్ గోల ఉండదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి.

పని అయ్యాక ఆ పాతదాన్ని తీసేయండి, మామూలుగా పోకపోతే ఆ కంపెనీ సైట్‌లోనే రిమూవల్ టూల్ ఉంటుంది. తీసేస్తే టెన్షన్ ఏం లేదు, విండోస్ 10, 11లో వాటి సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానంతట అదే ఆన్ అవుతుంది.