ఇష్టదైవం మీద ధ్యానం: ఇంట్లో రోజూ ఎట్లా చేయాలి

దేవుణ్ని నమ్మినవాళ్లు ధ్యానానికి కూర్చోగానే చేసే మొదటి పొరపాటు మనసును ఖాళీ చేయాలని చూడటం. కళ్లు మూసుకుని ఆలోచనలతో పోట్లాడుతారు, నాలుగు రోజులకు విసుగొచ్చి మానేస్తారు. భక్తితో చేసే ధ్యానంలో ఆ పోట్లాట లేదు. నమ్మిన దైవం ఎదురుగా ఉన్నాడని కూర్చుంటాం, ఆయన పేరు పలుకుతాం, ఆయన రూపాన్ని యాది చేసుకుంటాం. మనసు పక్కకు పోతే మళ్లీ ఆయన దగ్గరికే తెస్తాం. మనసు ఎటు పోతే అటునుంచే వెనక్కి తీసుకురమ్మని భగవద్గీత ఆరో అధ్యాయం చెబుతుంది. ఇరవై నిమిషాల్లో యాభైసార్లు పోయి యాభైసార్లు తిరిగొచ్చినా ఆ రోజు ధ్యానం జరిగినట్టే లెక్క.

ముందుగా ఒక్క రూపం

మన ఇళ్లలో దేవుని అర్ర నిండా పటాలుంటాయి. పూజకు అన్నీ కావాల్సిందే, ధ్యానానికి మాత్రం ఒక్కరే. హన్మకొండ వేయిస్తంభాల గుడి చూడండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి కలిపి కట్టిందే అయినా ఎవరి గర్భగుడి వారిదే, ఎవరి గడప వారిదే. ఇంటి ఇలవేల్పు ఉంటే ఆయననే పట్టుకోండి. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి, కొమురవెల్లి మల్లన్న, భద్రకాళి అమ్మవారు, ఎవరైనా సరే. కష్టం వస్తే నోట్లోంచి తనంతట తాను వచ్చే పేరు ఎవరిదో, ఆ దైవం అయితే మంచిది. ఎంచుకున్నాక కనీసం ఒక మండలం, అంటే 40 రోజులు, మార్చకండి.

రూపాన్ని ఫోన్‌లో బొమ్మ చూసి తెచ్చుకోవడం కన్నా గుడికి పోయి చూసి తెచ్చుకోవడం మేలు. రద్దీ రోజున లైన్లో గర్భగుడి ముందు దొరికేది క్షణకాలమే, ఆ క్షణంలో అంతా చూడాలనుకుంటే ఏదీ నిలవదు. జనం తక్కువుండే రోజున పోయి, ఒకసారి పాదాలే చూడండి, ఇంకోసారి ముఖమే చూడండి. వరంగల్ భద్రకాళి అమ్మవారు ఆషాఢంలో కూరగాయల అలంకారంతో శాకంబరిగా, శరన్నవరాత్రుల్లో రోజుకో అలంకారంలో దర్శనమిస్తుంది. అన్నీ కళ్లకు పండుగే. ధ్యానానికి వాటిలో ఒకటే తీసుకోవాలి, లేకపోతే మనసు చీరలూ పూలూ మారుస్తూ కూర్చుంటుంది. అమ్మవారి ఎనిమిది చేతుల్లోని ఆయుధాలన్నీ మొదట్లోనే గుర్తు తెచ్చుకోవాలని చూడకండి. పాదాలు, ముఖం చాలు.

రూపం లేని దేవుణ్ని కొలిచేవాళ్లు రూపం మెట్టును వదిలేసి పేరు మీదే ఉండవచ్చు. తస్బీహ్ పూసల మీద అల్లాను తలుచుకునేవాళ్లు చేసేది అదే.

చోటు, వేళ, ఆసనం

వేళ తెల్లవారుజామున నాలుగున్నర, ఆరు మధ్య బాగుంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే ఉక్కపోత మొదలవుతుంది, శరీరం ఇబ్బంది పడుతుంటే మనసు నిలవదు. పొద్దుగాల వీలుకాకపోతే దీపాలు పెట్టే వేళ, అన్నానికి ముందు. తిన్నాక అయితే రెండు గంటలు ఆగాలి. వేళ ఏదైనా రోజూ ఒకటే ఉండాలి. కొన్నాళ్లకు ఆ సమయానికి మనసే తయారుగా ఉంటుంది.

ఆసనం మీద కాస్త శ్రద్ధ పెట్టండి, సగం తిప్పలు ఇక్కడే తీరుతాయి. ఉత్త బండల మీద కూర్చోవద్దు. చలికాలంలో చల్లదనం నడుముకెక్కుతుంది, ఏ కాలంలోనైనా చీలమండలు నొప్పిపెడతాయి. చాప వేసి, దాని మీద దుప్పటి మడిచి, పిరుదుల కింద మాత్రం ఇంకో మడత చేర్చి నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎత్తు వచ్చేట్టు చూడండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండాలి. మోకాళ్లు పైకి లేచి ఉంటే నడుము వెనక్కి వంగుతుంది, పది నిమిషాలకే వీపు లాగుతుంది. కాళ్లు తిమ్మిరెక్కడం ఎక్కువగా మడమ తొడ కింద నొక్కుకోవడం వల్లే. పద్మాసనం అక్కర్లేదు, సుఖాసనం చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చోవచ్చు. వెనక్కి వాలకుండా, పాదాలు రెండూ నేలకు ఆనించి, వాటి కింద ఒక బట్ట వేసుకోవాలి.

దీపం మూడడుగుల దూరంలో, కళ్లకు కాస్త కిందుగా ఉంచండి. నువ్వుల నూనె, ఒక్క వత్తి చాలు. ఎండాకాలం ఫ్యాన్ ఆపలేం కాబట్టి దీపానికి గాజు చిమ్నీ పెట్టండి, మంట అల్లాడుతుంటే చూపూ అల్లాడుతుంది. ఊదుబత్తి చిన్న అర్రలో దగ్గు తెప్పిస్తుంది. ముందే వెలిగించి వాకిట్లో పెట్టేయండి.

కూర్చున్నాక

కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చోండి. మొదట ఒక నిమిషం దేవుడితో మామూలుగా మాట్లాడండి. బాకీ, పిల్ల పెళ్లి, ఆరోగ్యం, ఏది మనసులో ఉంటే అది ఆయన ముందు పెట్టి, "ఇది నీకు చెప్పిన, ఇప్పుడు నీ దగ్గర కూర్చుంట" అని ఆపేయండి. ఈ ఒక్క నిమిషం మానేస్తే అవే సంగతులు ధ్యానం మధ్యలో పదేపదే వస్తాయి. రాజన్నకు కోడె మొక్కు, సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మనకు తెలిసిన మొక్కులే, వాటి చోటు వాటికుంది. ధ్యానంలో మాత్రం బేరం పెట్టుకోవద్దు. కోరిక తీరిందా లేదా అని కొలుచుకుంటూ కూర్చుంటే చూపు దేవుడి మీది నుంచి కోరిక మీదికి జారుతుంది.

తర్వాత ముక్కుతో ఐదారు నిదానమైన శ్వాసలు. ఊపిరి బిగబట్టవద్దు. కుంభకం గురువు దగ్గర నేర్వాల్సింది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు చేయకూడదు.

ఇక జపం. మాల 108 పూసలది. శివుడికి రుద్రాక్ష, విష్ణువుకు తులసి. కుడిచేతి మధ్యవేలి మీద మాల పెట్టుకుని బొటనవేలితో పూసను లోపలికి లాగాలి, చూపుడువేలు తగలనివ్వరు. మాల కొసన విడిగా ఉండే మేరుపూస దగ్గరికి వచ్చాక దాన్ని దాటకుండా మాలను తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. "ఓం నమః శివాయ" తొందరపడకుండా 108సార్లు అనడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతే నాలుక తిరిగింది తప్ప మనసు కదల్లేదని అర్థం. మొదటి 30 పూసలు వినపడేలా, తర్వాతి 30 పెదవులు మాత్రం కదిలేలా, మిగిలినవి మనసులోనే. ఇట్లా దిగితే పైనుంచి లోపలికి పోవడం తేలిక. ఒక్కసారిగా మానసిక జపంతో మొదలుపెట్టేవాళ్లకే ఎక్కువగా కునుకు పడుతుంది.

జపం నెమ్మదించాక రూపం. ఇక్కడ భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పిన పద్ధతి చాలా పనికొస్తుంది. మన బమ్మెర పోతన తెనిగించిన ఆ ఘట్టంలో విష్ణుమూర్తి పాదాలతో మొదలుపెట్టి ఒక్కో అవయవం మీద మనసు నిలుపుతూ పైకి, నవ్వు దాకా తీసుకుపోతాడు. అట్లాగే పాదాల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ నాలుగైదు శ్వాసలు ఉండండి. తర్వాత మోకాళ్లు, నడుము, వక్షం, చేతులు, చివరికి ముఖం. ముఖం మీద ఎక్కువసేపు. మధ్యలో చెదిరితే చెదిరిన చోటు వెతుక్కోకండి, మళ్లీ పాదాల దగ్గరికి రండి. మొదటి మండలమంతా పాదాల దగ్గరే గడిచినా తక్కువేం కాదు. లింగాన్ని ధ్యానించేవాళ్లు లింగం కింది పీఠం, అంటే పానవట్టం నుంచి మొదలుపెట్టి, విభూతి రేఖల దాకా వచ్చి, పైనుంచి అభిషేకం నీళ్లు సన్నటి ధారగా జారడం మీద ఆగవచ్చు. మల్లన్న భక్తులకు పసుపు బండారి రంగే మనసును పట్టి ఉంచుతుంది.

ఆఖరున రెండు మూడు నిమిషాలు పేరూ రూపమూ రెండూ వదిలేసి, ఆయన ఉన్నాడన్న నమ్మకంతో ఊరికే కూర్చోండి. తర్వాత చేసినదంతా ఆయనకే అర్పించి, అరచేతులు కళ్లకద్దుకుని మెల్లగా లేవండి. లేవగానే ఫోన్ తీయకండి, కనీసం ఒక ఛాయ్ తాగేంతసేపు.

మొదటి వారం మొత్తం 12 నిమిషాలు చాలు. ప్రతి వారం రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ 25, 30కి తెచ్చి అక్కడ ఆగండి. ఒక్కరోజు గంట కూర్చుని మూడు రోజులు మానేయడం వల్ల ఏమీ నిలవదు.

ఎక్కడ తప్పుతుంది

రూపం కనపడటం లేదని చాలామంది బాధపడతారు. కళ్లు మూసుకుంటే కొందరికి బొమ్మ పటంలా కనిపిస్తుంది, కొందరికి అస్సలు కనిపించదు. అది భక్తిలో లోపం కాదు, మనసు తీరు అంతే. అట్లాంటివాళ్లు కళ్లు సగం తెరిచి పటాన్ని చూస్తూ జపం చేయాలి, లేదా ఆయన పక్కనే ఉన్నాడన్న ఎరుకతో పేరు మీదే ఉండాలి.

తల నొప్పి వస్తే కనుబొమల మధ్య బలవంతంగా చూపు బిగిస్తున్నారన్నమాట. నుదురు, దవడ వదులు చేసి ధ్యాసను గుండె దగ్గరికి దించండి. నిద్ర ముంచుకొస్తే రాత్రి భోజనం పొద్దుపోయి చేశారా, నిద్ర తక్కువైందా చూసుకోండి. అప్పటికప్పుడు కళ్లు తెరిచి దీపం చూస్తూ, గొంతెత్తి 20 పూసలు జపించండి.

రంగులు, వెలుగులు, గంటల శబ్దం అనుభవమైతే వాటి వెంట పోవద్దు, నలుగురికీ చెప్పుకోవద్దు. మరునాడు అవి రాకపోతే దిగులు పట్టుకుంటుంది. ఏడుపు వస్తే రానివ్వండి, పాత దుఃఖం నిమ్మళంగా దిగిపోతుంది. కానీ ధ్యానం మొదలయ్యాక భయం పెరగడం, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, లేని మాటలు వినపడటం జరిగితే వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించుకోవాలి. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఏ రుచీ లేని రోజులు వారాల తరబడి కూడా వస్తాయి. అప్పుడు పద్ధతి మార్చకండి, దేవుణ్ని మార్చకండి, సమయం పెంచకండి. అనుకున్న నిమిషాలు కూర్చుని లేవండి.

ముట్టు, మైల రోజుల్లో దేవుని అర్రలోకి పోని ఆచారం ఉన్న ఇళ్లలో మాల ముట్టకుండా, వేరే చోట కూర్చుని మనసులోనే చేసుకోవచ్చు. నామస్మరణకు నిషేధం లేదు. ప్రయాణంలో ఉంటే బస్సు సీట్లోనే కళ్లు మూసుకుని, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ 108 పూర్తి చేయండి. రూపం మెట్టును ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.