సీలియాక్ పరీక్షలు – 4వ పాఠం: నెగెటివ్ వచ్చిందా, ఆగండి

సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు. పోయిన పాఠంలో రక్తంలోంచి సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టాం. ఈసారి టీటీజీ-ఐజీఏ ఎలైజా, అంటే ఈ జబ్బులో పుట్టే ఐజీఏ రకం యాంటీబాడీలని ప్లేటులో రంగుతో పట్టే పరీక్ష.

ప్లేటు వెల్స్ (చిన్న గుంటలు) అడుగున టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ (టీటీజీ) అనే ఎంజైమ్ అంటించి ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ తింటుంటే దీని మీదే యాంటీబాడీలు పుడతాయి. ఈ సంగతి 1997లో బయటపడింది.

కిట్టును ముందుగా బయటపెట్టి చల్లదనం పోనివ్వండి. మే నెలలో శ్రీకాకుళం గది వేడి, కిట్టు కాగితంలో రాసిన 'గది ఉష్ణోగ్రత' ఒకటి కాదు. ఏసీ లేకపోతే రంగు తొందరపడుతుంది. చాలా కిట్లలో 10 మైక్రోలీటర్ల సీరానికి 1 మిల్లీలీటరు బఫర్. వెల్‌లో పోసి, కాగితంలో చెప్పినంతసేపు ఉంచి, కడగాలి. ఆ తర్వాత కాంజుగేట్, అంటే అంటుకున్న యాంటీబాడీని పట్టుకుని రంగు పుట్టించే ఎంజైమ్ ద్రవం, పోసి మళ్లీ కడగాలి.

పనితనమంతా కడగడంలోనే ఉంది. ప్లేటును బోర్లించి టిష్యూ కాగితం మీద టపటపా కొట్టండి, అడుగున మెరుపు కనిపించకూడదు. అంటుకోని కాంజుగేట్ కాస్త మిగిలినా లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. సబ్‌స్ట్రేట్ (రంగు మారే ద్రవం) పోస్తే నీలం, స్టాప్ సొల్యూషన్ పడగానే పసుపు. 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి.

పాజిటివ్ వస్తే దారి తెలిసిందే: ఈఎంఏ (ఇంకో యాంటీబాడీ పరీక్ష), చిన్నపేగు బయాప్సీ. నన్ను భయపెట్టేది నెగెటివే.

విజయనగరంలో పని నేర్చుకునే రోజుల్లో ఒక పాపకి నెగెటివ్ రాసిచ్చేశాను. పాప బరువు పెరగదు, రక్తం పట్టదు. తర్వాతెప్పుడో వాళ్లమ్మని అడిగితే, "బేదులని ఆరు నెలల బట్టీ పత్తెమే బాబూ. అన్నం, సోడంబలి. రొట్టి ముట్టనిస్తే ఒట్టు!" అంది. బియ్యంలో గ్లూటెన్ లేదు, చోళ్లలోనూ (రాగులు) లేదు. అమ్మ పెట్టిన పత్యానికి పాప కాస్త తేరుకుంది, యాంటీబాడీలూ తగ్గిపోయాయి. తప్పు కిట్టుది కాదు, అడగని నాది. అలాంటప్పుడు మళ్లీ గోధుమ ఎన్ని వారాలు తినిపించాలో డాక్టరే చెప్పాలి, మనం కాదు.

ఇంకో గొయ్యి ఉంది. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఒంట్లో ఐజీఏనే తయారుకాదు. అందుకే టోటల్ ఐజీఏ కూడా చేయండి. నాలుగేళ్లు దాటినవాళ్లలో అది డెసిలీటరుకు 7 మిల్లీగ్రాములకన్నా తక్కువుంటే ఈ ప్లేటు చెప్పే నెగెటివ్‌కి విలువ లేదు. ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని చూసే పరీక్షకి వెళ్లాలి.

వచ్చే పాఠం ఈఎంఏ: కోతి అన్నవాహిక ముక్కల స్లైడ్లు, చీకటిగది, ఆకుపచ్చ మెరుపు.

ఈలోగా శాంపిల్ చీటీలో ఒక గడి గీయండి: 'గోధుమ చివరిసారి ఎప్పుడు?' పూరీ, పరోటా, సేమ్యా పేరుపేరునా అడగండి. "మేం గోధుమ తినమండి" అన్న పెద్దాయన పొద్దున్నే బొంబాయి రవ్వ ఉప్మా తిని వచ్చుంటాడు.