గేమ్ ఆడుతూ ఫుట్‌బాల్ టీమ్‌ను ఫాలో అవ్వడం ఎలా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌తో నా పరిచయం టీవీలో కాదు, మా వీధి చివర నెట్ సెంటర్‌లో ఆడిన ఫీఫా గేమ్‌లో. ఆ గేమ్‌నే ఇప్పుడు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అంటున్నారు. మీరూ అలాగే మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఒక్క టీమ్‌నే పట్టుకోండి. వారానికొకటి మారిస్తే ఏదీ ఒంటబట్టదు.

గేమ్‌లో 4-3-3 (వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు) పెట్టి పది మ్యాచ్‌లు ఆడండి. ఫుల్‌బ్యాక్‌ను, అంటే వెనక అంచున ఆడే డిఫెండర్‌ను, పైకి పంపితే వెనక ఎంత ఖాళీ మిగులుతుందో గోల్ పడ్డాక అర్థమవుతుంది. తర్వాత అసలు మ్యాచ్‌లో కాసేపు బంతిని వదిలేసి ఆ ఖాళీనే చూడండి. నాకు ఆట నిజంగా తెలిసింది అక్కడే.

ఆన్‌లైన్ మ్యాచ్‌కి రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. పింగ్, అంటే మీ సిగ్నల్ గేమ్ సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం, పెరిగితే పాస్ ఆలస్యంగా వెళ్తుంది.

ఇక టైమ్. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు చలికాలంలో రాత్రి 8:30కి వస్తుంది. మార్చి చివర అక్కడ గడియారాలు ముందుకు జరిపాక 7:30కి. యూరప్ క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ అయితే అర్ధరాత్రి దాటుతుంది, కాబట్టి సాయంత్రమే ఓ కునుకు తీయండి. 2019 మేలో బార్సిలోనాపై లివర్‌పూల్ 4-0 గెలుపు నేను అలాగే చూశాను. మొదటి లెగ్‌లో (రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది) 3-0తో ఓడిన టీమ్ అది! అలెగ్జాండర్ ఆర్నాల్డ్ చటుక్కున తీసిన కార్నర్‌ను దివోక్ ఒరిగి గోల్ చేయగానే నేను వేసిన కేకకి అమ్మ నిద్రలేచి వచ్చింది.

టీమ్ ఓడిన రాత్రి మాత్రం ర్యాంక్ మ్యాచ్ ఆడకండి. ఆ టెన్షన్‌లో వేళ్లు మాట వినవు.