చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టకండి

మా హన్మకొండలో చాలా ఇళ్లల్లో కనిపించేదే: నాయనమ్మ ఒళ్లో 8 నెలల పిల్ల, చాయ్‌లో ముంచిన బిస్కెట్ చప్పరిస్తూ. కడుపు నిండుతుంది సరే, కానీ చాయ్ తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగం ఎదిగేందుకు ఆ వయసులో ఐరన్ చాలా అవసరం.

బార్బడోస్ అనే కరీబియన్ దీవిలో మొదటి ఏడాదిలోనే పోషణ లోపంతో ఆసుపత్రిపాలైన పిల్లల్ని 40 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. ఒళ్లు కోలుకున్నా, పెద్దయ్యాక ఏకాగ్రత కుదరనివాళ్లు, నలుగురిలో కలవలేనివాళ్లు వాళ్లలో ఎక్కువ.

6 నెలలు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. ఆ తర్వాత పెసరపప్పు, అన్నం మెత్తగా ఉడికించి, కాస్త నెయ్యి వేసి మెదపండి. పలచటి జావలా కాదు, చెంచా వంచినా జారనంత చిక్కగా ఉండాలి. తోటకూర కలిపితే రెండు చుక్కలు నిమ్మరసం పిండండి, ఐరన్ బాగా పడుతుంది. గుడ్డు బాగా ఉడికించి పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి పిల్లకే, ఇంటిల్లిపాదికీ లడ్డూలు చుట్టడానికి కాదు (మా ఇంట్లోనూ జరిగింది లెండి).

తినిపించేటప్పుడు ఫోన్ పక్కన పడేసి, కళ్లలోకి చూస్తూ కబుర్లు చెప్పండి. ముద్ద ఉమ్మేసిందా, టెన్షన్ వద్దు, రెండ్రోజులాగి మళ్లీ అదే పెట్టండి.