పికప్ ట్రక్కు తొట్టికి ఫైబర్‌గ్లాస్ కప్పు: ఇంట్లోనే తయారుచేసుకునే పద్ధతి

పికప్ ట్రక్కు వేగంగా వెళ్తున్నప్పుడు క్యాబిన్ పైకప్పును దాటిన గాలి వెనుక తొట్టిలోకి దిగి సుడులు తిరుగుతుంది, టెయిల్‌గేట్ (తొట్టి వెనుక తలుపు) దాటిన తరువాత చెల్లాచెదురవుతుంది. దాని వల్ల బండి వెనుక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి, బండిని వెనక్కి పట్టి లాగే బలం పుడుతుంది. తొట్టి మీద వాలుగా దిగే కప్పు అమర్చితే గాలి దానిని అంటిపెట్టుకుని సాఫీగా జారుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఊళ్లో నిదానంగా తిరిగే బండికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అమెరికాలో రోజూ గంటకు 65, 70 మైళ్ల వేగంతో హైవే మీద వెళ్లేవారికే ఈ శ్రమ గిట్టుబాటవుతుంది. ఆ వేగంలో నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం ఇంచుమించు 5 శాతం ఆదా అవుతుందనేది వాడుకలో ఉన్న లెక్క.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది వాలు. పైపూత అద్దంలా వచ్చినా వాలు తప్పితే ఫలితం ఉండదు. క్యాబిన్ పైఅంచు నుంచి టెయిల్‌గేట్ పైఅంచుకు తాడు లాగి, అదే వాలుగా తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. క్యాబిన్ తొట్టి అంచు కన్నా 50 సెంటీమీటర్లు ఎత్తుందనుకుందాం. ఎనిమిది అడుగుల తొట్టికి ఆ తాడు వాలు దాదాపు 11.6 డిగ్రీలు వస్తుంది, అది పనికివస్తుంది. ఆరున్నర అడుగుల తొట్టికి 14 డిగ్రీలు దాటుతుంది, ఐదున్నర అడుగుల తొట్టికి 16.6 డిగ్రీలు అవుతుంది. అంత నిట్రంగా దిగే కప్పును గాలి మధ్యలోనే వదిలేస్తుంది. 1984లో అహ్మద్ అనే పరిశోధకుడు ప్రచురించిన ప్రసిద్ధ కారు నమూనా పరీక్షల్లో వెనుక వాలు 12.5 డిగ్రీల దగ్గర నిరోధం అత్యల్పంగా, 30 డిగ్రీల దగ్గర అత్యధికంగా కనిపించింది. అందుచేత క్యాబిన్ దగ్గర దాదాపు చదునుగా మొదలుపెట్టి, క్రమంగా వంచుతూ, చివరి అంచు దగ్గర కూడా 12 డిగ్రీలు మించకుండా చూసుకోవాలి. సగటున 8 డిగ్రీలు దిగితే ఐదున్నర అడుగుల తొట్టికి చివరి అంచు టెయిల్‌గేట్ కన్నా పాతిక సెంటీమీటర్లకు పైగా ఎత్తులోనే ఉండిపోతుంది. అక్కడ నిలువుగా కోసి వదిలేయడమే మంచిది. తోక పొడవునా సాగకపోయినా నిట్టనిలువుగా తెగిన వెనుక భాగం చాలావరకు లాభం ఇస్తుందని జర్మన్ ఇంజనీరు వునిబాల్డ్ కామ్ 1930లలోనే గుర్తించారు. ఆ చివరి అంచును గుండ్రంగా చేయకండి, పదునుగానే ఉంచండి. పక్క గోడలు కూడా వెనక్కి వెళ్లేకొద్దీ రెండు మూడు డిగ్రీలు లోపలికి ఒదిగితే మరీ మంచిది.

వాలు తేలిన తరువాత ఆ వంపును అట్టముక్క మీద గీసి, ప్లైవుడ్‌తో నాలుగైదు అడ్డకమానులు కోసుకోవాలి. వాటిని తొట్టిలో తాత్కాలికంగా నిలబెట్టి, వాటి మీదుగా సన్నని చెక్క బద్దను పొడవునా వంచి పట్టుకోండి. బద్ద ఎక్కడ కమానును తాకకుండా తేలిపోయినా, ఎక్కడ ఎగదన్నినా లోపం అక్కడే తెలిసిపోతుంది. ఈ దశలో ఆకురాయితో నిమిషంలో సరిచేయగల తప్పును తరువాత పుట్టీ మీద సరిచేయాలంటే వారం పడుతుంది.

కమానుల మీద రెండున్నర సెంటీమీటర్ల మందం గల ఫోమ్ షీట్లను పట్టీలుగా కోసి, పక్కపక్కనే పేర్చి అతికించాలి. ఇంటి గోడలకు వేడి తగలకుండా వాడే గులాబీ, నీలి రంగు పాలీస్టైరిన్ షీట్లు ఇందుకు సరిపోతాయి. అచ్చు లేకుండా ఫోమ్ మీదే గాజుగుడ్డ పరిచే ఈ పద్ధతిని సొంతంగా విమానాలు కట్టుకునేవారికి అలవాటు చేసినవాడు అమెరికన్ విమాన రూపకర్త బర్ట్ రూటన్, ఆయన వేరీఈజ్ విమానం 1975లో ఎగిరింది. ఫోమ్‌కు రెండు వైపులా పలుచని గాజుపొర ఉంటే, తక్కువ బరువుతోనే కప్పు వంగకుండా బిగువుగా నిలుస్తుంది.

గాజుగుడ్డను తడిపి గట్టిపరిచే జిగురు ద్రవమే రెజిన్, దాని ఎంపికలో పొరపాటు జరిగితే మొత్తం పాడవుతుంది. చవకగా దొరికే పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ పాలీస్టైరిన్ ఫోమ్‌ను, మన థర్మాకోల్‌ను కూడా, కళ్లముందే కరిగించేస్తుంది. కాబట్టి ఈ ఫోమ్ మీద స్టైరీన్ లేని ఎపాక్సీ రెజిన్ మాత్రమే వాడాలి. పాలిస్టరే వాడాలనుకుంటే యురేథేన్ ఫోమ్ తీసుకోవాలి. ఎపాక్సీతో పొడిపోగుల మ్యాట్ కన్నా నేసిన గాజుగుడ్డే మేలు, ఎందుకంటే మ్యాట్‌లోని బంధక పదార్థం స్టైరీన్‌లో కరిగేలా తయారైనది. చదరపు మీటరుకు 300 గ్రాముల పైచిలుకు బరువున్న గుడ్డను బయట రెండు పొరలు, లోపల ఒక పొర వేస్తే సరిపోతుంది. గుడ్డ బరువెంతో రెజిన్ బరువు కూడా ఇంచుమించు అంతే ఉండాలి.

ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ నిష్పత్తి తయారీదారు చెప్పినట్టే, తూకం వేసి కలపండి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోయడం పాలిస్టర్ అలవాటు, ఎపాక్సీలో అలా చేస్తే పొర ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగలు కక్కుతుంది కనుక కొద్దికొద్దిగా కలిపి, వెంటనే ఫోమ్ మీద పోసి రబ్బరు పలకతో పరచాలి. తెల్లని గుడ్డ రెజిన్ పీల్చుకునేకొద్దీ పారదర్శకమై కింది ఫోమ్ రంగు కనిపిస్తుంది. తెల్లగా మిగిలిన మచ్చ ఉంటే అక్కడ తడి చాలలేదని అర్థం. తళతళలాడుతూ నేత కనిపించకపోతే రెజిన్ ఎక్కువై గుడ్డ తేలుతోందని అర్థం. నేత గళ్లు పలుచగా కనిపిస్తూ, మెరుపు తక్కువగా ఉంటే పొర సరిగ్గా కూర్చున్నట్టు. గట్టిపడిన మర్నాడు పైన జిడ్డులాంటి పొర కనిపిస్తే, ఉప్పుకాగితం పట్టే ముందు దాన్ని నీటితో కడిగెయ్యాలి.

ఈ పనంతా తలుపులు తెరిచిన షెడ్డులో చేతులకు నైట్రైల్ గ్లౌజులు, ముఖానికి రసాయన ఆవిరిని ఆపే క్యాట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని చేయండి. సాన పట్టేటప్పుడు దుమ్మును ఆపే ఫిల్టర్ కూడా తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిన అలర్జీ పోవడం కష్టం.

నునుపు చేయడానికి ఎపాక్సీలో సన్నని గాజు బుడగల పొడి కలిపి పుట్టీలా పూసి, పొడవాటి చెక్కకు ఉప్పుకాగితం చుట్టి ఏటవాలుగా రుద్దాలి. ఎండ నుంచి ఎపాక్సీని కాపాడటానికి రంగు తప్పదు, ఆ రంగు తెలుపైతే మంచిది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. టెక్సస్ ఎండలో నిలిపిన నల్లరంగు కప్పు అంతకంటే ఎక్కువే కాలుతుంది.

బిగింపును తేలిగ్గా తీసుకోకండి. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో గాలి చలన ఒత్తిడి చదరపు మీటరుకు 57 కిలోల బరువుతో సమానం. అందులో సగం పైకి పీల్చినా, 30 కిలోల కప్పు తన బరువుతో నిలవదు. తొట్టి అంచుకు బిగించే క్లాంపులు కనీసం ఆరు ఉండాలి, అవి పట్టే చోట ఫోమ్ తీసేసి ప్లైవుడ్ ముక్క పొదిగి మరో రెండు పొరల గాజుగుడ్డ వేయాలి. క్యాబిన్, తొట్టి చాసిస్ (బండి అడుగు చట్రం) మీద వేర్వేరుగా కదులుతాయి కనుక వాటి మధ్య రెండు సెంటీమీటర్ల సందు విడిచి, మెత్తని రబ్బరుతో మూయాలి. క్యాబిన్ వెనుక ఉండే మూడో బ్రేక్ లైటును కప్పు మూసేస్తే, కప్పు వెనుక గోడ మీద మరొకటి అమర్చాలి. 1994 మోడల్ నుంచి అమెరికాలో పికప్‌లకు ఆ లైటు తప్పనిసరి.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వంటి బండ్లకు ఇలాంటిది చేయాలనుకునే మనవాళ్లు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహన నిర్మాణ మార్పులను కట్టడి చేస్తుందని గుర్తుంచుకుని, ముందుగా రవాణా కార్యాలయంలో అడగాలి.

కప్పు బిగించాక దాని మీద అరచేయంత పొడవున్న ఊలు దారపు ముక్కలను వరుసలుగా టేపుతో అంటించి, పక్క లేన్‌లో మరో కారు నుంచి ఎవరితోనైనా వీడియో తీయించండి. దారాలు వెనక్కి తిన్నగా పడుకుంటే గాలి అంటుకుని ఉన్నట్టు, గిలగిల కొట్టుకుంటే అక్కడ విడిపోయినట్టు. ఇంధనం లెక్కను ఒకే రోజు, ఒకే దారిలో, ఒకే వేగంలో, కప్పుతో, కప్పు లేకుండా, మళ్లీ కప్పుతో కొలిస్తేనే నమ్మవచ్చు. మొదటి వంద మైళ్ల తరువాత బండి ఆపి క్లాంపులన్నిటినీ మళ్లీ బిగించండి, రబ్బరు ఒదిగి అవి తప్పక కొంత వదులవుతాయి.